నత్తల మెరకలో అదనపు చుక్కలు

నమోదు 4401. శుక్రవారం. తూర్పు గాలి. తేమ ఎనభై ఆరు.

స్నానం, దీపం, నామాలు. తర్వాత కబురు కొట్టే మీటకు, రేడియోకు, బ్యాటరీలకు బొట్టు. పందొమ్మిదేళ్లుగా ప్రతి శుక్రవారం పెడుతున్నాను. ఈసారి సరుకుల పడవ కుంకుమ తేలేదు. పసుపు కొమ్ములు, నిమ్మరసం, పటిక, వెలిగారం కలిపి నేనే చేశాను. రంగు బాగా వచ్చింది.

సౌర పలకల మీద కొంగ రెట్టలు గీకాను. చుట్టూ ఇంత సముద్రం ఉండగా వాటికి మా పలకలే దొరికాయి. రెట్టలో సగం అరిగిన చేప ముళ్లు. కొబ్బరి పీచు, రెండు బిందెల నీళ్లు పట్టాయి. కుంకుడు రసంతో మూడుసార్లు కడుక్కున్నా చేతి వాసన పోలేదు. ఆ చేత్తో పులిహోర తినబుద్ధి కాలేదు.

ఎనిమిదింటికి ఎర్రగుట్ట స్టేషన్‌కు పొద్దుటి కబురు పంపాను. నీటి మట్టం, గాలి, బయటికి వెళ్లిన పడవలు ముప్పై ఒకటి. మామూలే.

మామూలు కానిది ఒకటి. మా మీటకు రెండు రెక్కలు. ఎడమ రెక్కను బొటనవేలితో నొక్కితే చుక్క, కుడి రెక్కను చూపుడువేలితో నొక్కితే గీత. నొక్కినంతసేపు వాటిని వరుసగా కొట్టేది పక్కనున్న చిన్న పెట్టె. ఈరోజు నేను నొక్కకుండానే రెండు చుక్కలు పడ్డాయి.

ఎర్రగుట్టలో మా కబురు వినేది దస్తగిరి గారు. మనిషిని ఎప్పుడూ చూడలేదు. పదకొండేళ్లుగా ఆయన చేయి మాత్రం తెలుసు. ప్రతి గీతనూ చివర్లో కాస్త లాగుతారు, కుర్చీ ఈడ్చినట్టు. మాణిక్యాంబ గారూ, ఒంట్లో బాగుందా అని అడిగారు. బాగుందన్నాను. చుక్కలు రాలుతున్నాయి, చూసుకోండి అన్నారు.

నమోదు 4402. శనివారం. తూర్పు గాలి. తేమ ఎనభై ఎనిమిది.

పొద్దుటి కబురులో ఆరు అదనపు చుక్కలు. దస్తగిరి గారు మొదటి గుర్తు వేశారు. వేయడం ఆయన విధి, తప్పు పట్టను. నెలలో మూడు గుర్తులు పడితే మర్నాడే చేతి పరీక్ష. అందులో తప్పితే మెరకను మూగదని రాస్తారు. తుఫాను వస్తోందని చెప్పినా, విన్నామని బదులిచ్చే చేయి లేని మెరకలో మనుషులను ఉండనివ్వరు. ఖాళీ చేయిస్తారు. ఇక్కడ రెండువందల నలభై ఇళ్లున్నాయి. పోయినేడు ఉప్పుటేరు మెరకను అలాగే ఖాళీ చేశారు. ఆ జనం ఇప్పటికీ గుట్టల కింద రేకుల షెడ్లలో ఉన్నారు. మా దగ్గరున్న రెండో మీటను వాళ్లకు అరువిచ్చాం. అది ఏ నీళ్లలో ఉందో.

నాలుగు చుక్కలకు ఇంత పట్టింపు ఏమిటని కొత్తగా పడవ దిగినవాళ్లు అడుగుతుంటారు. ఇది గొంతు చెల్లని కాలం. సముద్రం మీదున్న మా నాన్న గొంతుతో ఒక యంత్రం పిలిస్తే మా అమ్మ వెళ్లి పడవ ఎక్కింది. ఆ పడవ ఎటు పోయిందో తెలియదు. అలాంటి కథ లేని ఇల్లు ఈ మెరక మీద లేదు. అప్పటినుంచి మనిషి వేలితో కొట్టిందే కబురు. ఎవరి చేయి వారిదే. వినేవాళ్లు గుర్తుపడతారు. ఆ చేయి వంకర పోతే మొదట వచ్చే అనుమానం ఒకటే, మీట ముందు మనిషి లేడని.

మధ్యాహ్నం చుక్కల పెట్టె విప్పాను. లోపల బల్లి కాపురం. చితికిన గుడ్లు, రెట్టలు, తోక లేని బల్లి ఒకటి సర్క్యూట్‌కు అతుక్కుని ఎండిపోయి ఉంది. పొట్ట చీలి, అందులోంచి చీమల బారు. చెల్లెలు భ్రమర తొంగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. నేను రామా అనుకుంటూ ఈతపుల్లతో గీకి తీశాను. పుల్ల కొసకు చర్మం అంటుకుని వచ్చింది. స్పిరిట్‌తో తుడిచాను.

తమ్ముడు సోమలింగం సాయంత్రం విధికి వచ్చి ఆ బల్లిని చూశాడు. అది మనకంటే ముందునుంచి ఉద్యోగంలో ఉందక్కా, పెన్షన్ ఇచ్చి పంపవలసింది అన్నాడు. నోట్లో ఖైనీ ఉంది. మాటతో పాటు ఆ వాసనా వచ్చింది. కిటికీ తెరిచాను.

నమోదు 4404. సోమవారం. పడమటి గాలి. తేమ అరవై ఒకటి.

రెండు పూటలా ఒక్క అదనపు చుక్క లేదు. బల్లే కారణమని రాస్తున్నాను. ఈశ్వరుడి దయ.

నమోదు 4408. శుక్రవారం. తూర్పు గాలి, జల్లు. తేమ తొంభై ఒకటి.

స్నానం, దీపం, నామాలు, బొట్లు. ఎనిమిదింటికి కబురు.

తొమ్మిది అదనపు చుక్కలు. రెండో గుర్తు.

సోమవారం బల్లే కారణమని రాశాను. చిట్టాలో రాసింది కొట్టేయకూడదు. అది అబద్ధమని ఇక్కడ రాస్తున్నాను.

పడవలు వెళ్లాక వరుసగా చూశాను. రేడియో బలం పదో వంతుకు తగ్గించాను. చుక్కలు ఆగలేదు. కాబట్టి ఏరియల్ నుంచి వెనక్కి దూరుతున్నది కాదు. తర్వాత మీట నుంచి పెట్టెకు వెళ్లే రెండు తీగలను తారుమారు చేసి బిగించాను. ఇప్పుడు అదనంగా పడుతున్నవి చుక్కలు కావు, గీతలు. అంటే పెట్టె మంచిదే. జబ్బు మీటలోనో దాని తీగలోనో ఉంది, అదీ చుక్క వైపు. కొత్త తీగ వేశాను. ఆగలేదు. ఇక మీట ఒక్కటే మిగిలింది.

పాపం బల్లి.

భ్రమరను పిలిచి తల నూనె రాసుకున్న చేత్తో మీట తుడుస్తున్నావా అని అడిగాను. నాకు మీటతో పనేముందక్కా అని చేయి చూపించింది. కుడిచేతి మూడు వేళ్లు పదేళ్ల కిందట వల లాగే కప్పీలో పోయాయి. తను వినగలదు, రాయగలదు, కొట్టలేదు; ఎడమ చేయి మీటకు తిరగలేదు. ఈ స్టేషన్‌లో కొట్టే చేతులు రెండే, నాదీ సోమలింగానిదీ. తెలిసీ అడిగాను. అడిగినందుకు సిగ్గేసింది.

నమోదు 4409. శనివారం. తూర్పు గాలి. తేమ తొంభై.

భూతద్దం పెట్టి మీటను చూశాను. కుడి రెక్క అంచున తెల్లగా ఎండిన సున్నం. దాని పక్కన, స్క్రూ గాడిలో, పొగాకు నలుసు. తడిసి ఉబ్బి ఉంది. అరచేతిలో ఖైనీకి సున్నం కలిపే చూపుడువేలు, రోజూ కింది పెదవిలోకి వెళ్లి వచ్చే వేలు, నా మీట మీద. నేను ప్రతి శుక్రవారం దండం పెట్టుకునే మీట మీద.

నాకు కోపం తొందరగా రాదు. రోత వస్తుంది. అది కోపం కన్నా నెమ్మదిగా వచ్చి ఎక్కువసేపు ఉంటుంది.

సోమలింగాన్ని పిలిచాను. వాడు వచ్చేసరికి కబురు పంపించుకోవాలని పెంటయ్య, అతని వదిన, ఇంకో ఇద్దరు పడవవాళ్లు అరుగు మీద ఉన్నారు. వాళ్లను వెళ్లమనలేదు. అనవలసింది.

మరక చూపించాను. వాడు భూతద్దం తీసుకుని చాలాసేపు చూశాడు.

"నాదే. ఎప్పటిదో. నేను చెయ్యి కడుక్కోకుండా బల్ల ముట్టనక్కా, నీకు తెలీదా?"

"మరక నీదేనన్నావు కదా. చాలు."

"రెక్క పైన ఉంది గదా అది. లోపలికెలా పోద్ది?"

"నీ చెయ్యి కంపు, సోమూ. ఆ కంపు మీట దాకా వచ్చింది."

గొంతు పెంచలేదు. నేను ఎప్పుడూ పెంచను. పెంటయ్య వదిన తల పక్కకు తిప్పుకుంది. సోమలింగం తన అరచేతిని ఒకసారి చూసుకుని, దాన్ని లుంగీ మడతలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మీట మొత్తాన్ని, పైనా కిందా, స్పిరిట్ గుడ్డతో తుడిచాను. గుడ్డ మాసింది. సాయంత్రం నేనే కూర్చున్నాను. ఒక్క అదనపు చుక్క లేదు. రుజువైంది.

ఆరున్నరకు గుట్టల మీది స్టేషన్ల వరుస అంతా వింటుండగా, నత్తల మెరక సోమలింగం చేతిని వెనక్కి తీసుకుంటున్నానని పంపాను. స్టేషన్ పెద్దగా నాకు ఆ హక్కుంది. తీసిన చేయి మళ్లీ బల్ల ఎక్కాలంటే దారి ఒక్కటే. తీసినవారే వరుసలో అందరూ వింటుండగా తప్పు నాదని చెప్పాలి. అలా చెప్పినవారి చేయి మూడేళ్లు దిగిపోతుంది. ఎవరూ తమ్ముడి మీదో పొరుగువాడి మీదో కక్షతో ఈ పని చేయకూడదని పెట్టిన కట్టుబాటు.

దస్తగిరి గారు బదులిచ్చారు. సోమలింగం చేయి నాకు నచ్చేది అన్నారు. నమోదు చేసుకున్నాను అన్నారు.

నమోదు 4411. సోమవారం. పడమటి గాలి. తేమ అరవై నాలుగు.

చుక్కలు లేవు.

సోమలింగం వలల పాక లోకి మకాం మార్చాడు. అన్నానికి రాడు. భ్రమర పట్టుకెళ్లి ఇస్తోంది. వాడు కూర్చునే కుర్చీ కింద వెతికితే చిన్న సున్నం డబ్బీ, మూత లేకుండా. లోపల సున్నం ఎండి బీటలు వారింది, ఒక ఈగ అందులో ఇరుక్కుని ఉంది. కర్రతో నెట్టి బయట పారేశాను. కుర్చీని బూడిదతో తోమాను.

పెంటయ్య గాలి ఎలా ఉందో కనుక్కోవడానికి వచ్చాడు. నేను ఎర్రగుట్టను అడుగుతుంటే అరుగు మీదే నిలబడి విన్నాడు.

"తమరి చెయ్యి గుళ్లో పంతులుగారు నడిచినట్టుంటాదమ్మగారూ. చినబాబుదైతే మేకపిల్లలాగ గెంతుద్ది. మా ఆడోళ్లు రేవులోంచే చెప్పేత్తారు, ఇయ్యాల ఎవరున్నారో."

గాలి పడమర, వెళ్లవచ్చు అని చెప్పి పంపాను.

భ్రమర గిన్నెలు సర్దుతూ, నాతో కాకుండా గిన్నెలతో మాట్లాడినట్టు అంది.

"రెండు చేతుల స్టేషన్‌ని ఒంటిచేతి స్టేషన్ చేశావు. నీకు జ్వరమొస్తే నేనేం చేస్తాను? ఉన్న రెండు వేళ్లతో చప్పట్లు కొట్టనా?"

జ్వరం రాకుండా దేవుణ్ణి అడుగుతానన్నాను. నువ్వు అడిగితే ఇవ్వక ఏం చేస్తాడులే అంది. అది పొగడ్త కాదు.

నమోదు 4415. శుక్రవారం. తూర్పు గాలి, వాన. తేమ తొంభై నాలుగు.

స్నానం, దీపం, నామాలు, బొట్లు. ఎనిమిదింటికి కబురు.

పద్నాలుగు అదనపు చుక్కలు. మూడో గుర్తు. పరీక్ష రేపు ఎనిమిదింటికి.

సోమలింగం మీట ముట్టి ఆరు రోజులైంది.

బల్ల ముందు కూర్చుని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను. తర్వాత భ్రమరను తలుపు వేయమని, మీటను పెట్టె నుంచి విడదీసి, గుడ్డ పరిచి మీటర్ తీశాను. మీటర్ కొసల్లో ఒకటి చుక్క వైపు, ఒకటి మీట అడుగునున్న ఇనుప దిమ్మకు ఆనించాను. రెక్క నొక్కనప్పుడు ముల్లు కదలకూడదు. కదిలింది. రెక్క విప్పేశాను. కదిలింది. తీగ తీసేశాను. కదిలింది. ఇక చుక్క వైపున మిగిలింది రెక్క వచ్చి తగిలే ఇత్తడి గుండీ ఒక్కటే. దిమ్మకూ దానికీ మధ్య కరెంటు పారకుండా ఒక ఫైబర్ బిళ్ల ఉంటుంది.

ఆ గుండీ గుండ్రంగా, నున్నగా, మీట ముందు కూర్చున్న మనిషి వైపు నుదురులా ఉంటుంది. పందొమ్మిదేళ్లుగా నేను బొట్టు పెడుతున్నది దానికే.

గుండీ విప్పాను.

బిళ్ల చుట్టూ ఎర్రటి ముద్ద. పొద్దున పెట్టిన తడి బొట్టు గుండీ పక్కనుంచి జారి అందులో కలుస్తోంది. కింద పాత పొరలు, నల్లబడి, పాకుడు పట్టి, జిగురుగా. గోటితో గీకితే పుండు మీది పక్కులా లేచింది. నిమ్మ పులుపు వాసన, దాని వెనక తడిగుడ్డ మాగిన వాసన. కొంగ రెట్ట గీకాను, బల్లి పొట్ట గీకాను, ఈగ పడ్డ సున్నం డబ్బీ నెట్టాను. వాటికి రాని వాంతి దీనికి వచ్చింది. పెరట్లోకి వెళ్లి వచ్చాను.

కొనుక్కొచ్చిన కుంకుమను ఇన్నేళ్లు పెట్టినా ఏమీ కాలేదు. అది పొడిగా ఉండి రాలిపోయేది. నేను చేసినది తేమ పీలుస్తుంది. శుభ్రమైన ఫైబర్ ముక్క మీద చిటికెడు తడిపి పెట్టి మీటర్ ఆనించాను. ముల్లు సగం దాకా వెళ్లింది. పక్కనే తడి సున్నం పెట్టి చూశాను. దానికీ ముల్లు కదిలింది, న్యాయంగా చెప్పాలి. కానీ సున్నం మరక ఉన్నది కుడి రెక్క మీద. కుడి వైపు గీత. రాలినవి చుక్కలు. జబ్బు చుక్క వైపునే ఉందని 4408లో నా చేత్తోనే రాశాను. మర్నాడు గీత వైపున మరక చూసి తమ్ముణ్ణి పంపేశాను. రోత ఎక్కడ చూపిస్తే అక్కడే చూశాను. మీటను చూడలేదు.

స్పిరిట్‌తో తుడిస్తే ఆగాయి కదా అనుకున్నాను. ఆ గుడ్డ తీసి చూశాను. మాసిందని రాశాను, ఏ రంగుకు మాసిందో రాయలేదు. గుడ్డ ఎర్రగా ఉంది.

బిళ్ల తీసి కడిగి, ఎండ లేదు కనుక పొయ్యి దగ్గర ఆరబెట్టి, మళ్లీ బిగించాను. ముల్లు కదలలేదు. గంటసేపు కొట్టాను. ఒక్క అదనపు చుక్క లేదు.

భ్రమర అంతా చూసింది. తర్వాత చెప్పింది.

"బాగైంది కదా. రేపు పరీక్ష నెగ్గేస్తావు. సోముకి నేను నచ్చజెప్పుకుంటాను. లైన్‌లో ఏం చెప్పకక్కా."

"వాడి చేయి?"

"వాడిది తర్వాత ఏదో చేద్దాం. నువ్వు చెప్తే నీది దిగిపోద్ది. వాడు అలిగి రాకపోతే ఎవరున్నారు? ఇళ్లన్నీ ఖాళీ చేసుకుని రేకుల షెడ్డుకి పోదామా, నీ కుంకం బొట్టు కోసం?"

తను చెప్పిందాంట్లో తప్పు లేదు. మీట శుభ్రం. రేపు నేను కూర్చుంటే నెగ్గుతాను. మెరక నిలుస్తుంది. ఎవరికీ తెలియదు. వాడి చేయి మాత్రం వరుసలో ప్రతి గుట్ట దగ్గరా కంపు చేయిగా రాసి ఉంటుంది.

దేవుడి ముందు కూర్చున్నాను. ఏమీ అడగలేదు. కుంకుమ భరిణె మూత పెట్టి లేచాను.

మూడింటికి వలల పాకకు వెళ్లాను. వాడు తడి వలల మధ్య కూర్చుని తెగిన కన్నులు కడుతున్నాడు. కుళ్లిన రొయ్య తలల వాసన. నేలంతా చేప పొలుసులు. కూర్చోవడానికి చోటు లేదు. పొలుసుల మీదే కూర్చున్నాను.

దొరికినది దొరికినట్టు చెప్పాను. గుండీ, బిళ్ల, గుడ్డ రంగు. రేపు ఎనిమిదింటికి వరుసలో చెబుతానన్నాను. నేను చెప్పగానే నా చేయి దిగుతుంది, పరీక్ష నువ్వు ఇవ్వాలి అన్నాను.

వాడు ముడి వేయడం ఆపలేదు.

"నలుగురిలో అన్నావక్కా."

"అన్నాను."

"వారం నుంచి అన్నం తింటుంటే ఈ చెయ్యి వాసన చూసుకుంటున్నాను. తెలుసా నీకు?"

తెలియదన్నాను. ఇంకో నాలుగు ముడులు వేశాడు. వస్తావా అని అడిగాను.

"వస్తానని చెప్పను."

లేచి వచ్చాను. చీర అంచుకు అంటిన పొలుసులు ఇంటిదాకా వచ్చాయి.

నమోదు 4416. శనివారం. తూర్పు గాలి. తేమ తొంభై రెండు.

ఏడున్నరకే బల్ల ముందు కూర్చున్నాను. వాన ఆగింది. అరుగు మీద పెంటయ్య, అతని వదిన, ఇంకా చాలామంది. పరీక్ష సంగతి మెరకంతా తెలిసిపోయింది. సోమలింగం లేడు.

ఎనిమిదింటికి దస్తగిరి గారు పిలిచారు. పరీక్ష అంటే నలభై మాటలు. ఏ మాటలన్నది పంపేవారి ఇష్టం. వరుసలో అన్ని గుట్టలూ వింటాయి. మొదలుపెట్టమన్నారు.

పరీక్షకు ముందు ఒక మాట ఉందన్నాను. నెమ్మదిగా కొట్టాను, ఒక్క చుక్క అటూ ఇటూ కాకుండా.

సోమలింగం చేతిని నేను తప్పుగా తీశాను. మీటలో మురికి నాది. నేను పెట్టిన కుంకుమ. వాడి చేయి శుభ్రం. తప్పు నాదని నత్తల మెరక పెద్ద మాణిక్యాంబ చెబుతోంది.

తర్వాత కుర్చీ ఈడ్చినట్టు ఆ గీతలు. మీకు కట్టుబాటు తెలుసు కదా అన్నారు దస్తగిరి గారు. తెలుసన్నాను. పదకొండేళ్లుగా మీ చేతిని వింటున్నాను, ఇంత శుభ్రంగా ఎప్పుడూ వినలేదు అన్నారు. ఆ వెంటనే నా చేయి దిగిందని, సోమలింగం చేయి ఎక్కిందని వరుసకు చెప్పారు. పరీక్షకు సోమలింగాన్ని కూర్చోమన్నారు. ఐదు నిమిషాలు గడువు.

నేను కుర్చీలోంచి లేచాను. భ్రమర హెడ్‌ఫోన్ పెట్టుకుని, గడియారం వైపు చూస్తూ నా వైపు చూడకుండా కూర్చుంది. రెండు నిమిషాలు. మూడు. అరుగు మీద ఎవరో దగ్గారు. పెంటయ్య వలల పాక వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

నాలుగో నిమిషంలో పెరట్లో బిందె చప్పుడైంది. కిటికీలోంచి చూశాను. సోమలింగం చెయ్యి కడుక్కుంటున్నాడు. కుంకుడు రసంతో, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, మోచేతి దాకా. తొందరే లేదు. నేను చూస్తున్నానని తెలుసు. ఇంకోసారి కడిగాడు.

భ్రమర అరనిమిషం అని వేలు చూపించింది.

వాడు వచ్చి కూర్చున్నాడు. చేతిని లుంగీకి తుడుచుకోలేదు, గాలికి ఆరనిచ్చాడు. మీట ముట్టాడు.

ఏం పంపుతాడో నాకు తెలియదు. నా గురించి పంపుతాడనుకున్నాను. పంపితే పడాలనుకున్నాను. భ్రమర రాస్తుంటే భుజం మీదుగా చదివాను.

కుంకుమ చేసే పద్ధతి. మా అమ్మ చేసేది. పసుపు కొమ్ములు వీశెడు. నిమ్మరసం మునిగేంత. పటిక ఉసిరికాయంత. వెలిగారం చిటికెడు, అంతే. నీడలో ఆరాలి, పదిరోజులు, తడి పూర్తిగా పోయేదాకా. తర్వాత దంచాలి. నేను పక్కన కూర్చుని దంచేవాణ్ణి. మా అక్క గుప్పెడు వెలిగారం వేసింది. నాలుగు రోజులకే దంచింది. దానికి తొందరెక్కువ. ఎవరికీ చెప్పకండి.

మేకపిల్లలా గెంతింది ఆ చేయి. ఒక్క అదనపు చుక్క లేదు.

మొదట నవ్వింది భ్రమర. తర్వాత లైన్ మీద ఎక్కడెక్కడి గుట్టలో, పంపకూడని వేళ, చుక్క చుక్క అని నవ్వు కొట్టాయి. దస్తగిరి గారు వాళ్లందరినీ ఆపమని, నత్తల మెరక నెగ్గిందని రాశారు. ఎవరికీ చెప్పనని కూడా అన్నారు.

అమ్మ ఆ పడవ ఎక్కేనాటికి వాడికి ఎనిమిదేళ్లు. దంచింది గుర్తుందని నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

నమోదు 4422. శుక్రవారం. తూర్పు గాలి. తేమ తొంభై మూడు.

స్టేషన్ పెద్ద ఇప్పుడు సోమలింగం. చిట్టా రాయవలసింది వాడు. నా రాత కోడి గీకినట్టుంటుంది, నువ్వే రాయి అన్నాడు. రాస్తున్నాను.

స్నానం, దీపం, నామాలు. భరిణె పట్టుకుని అలవాటుగా బల్ల దాకా వచ్చి ఆగాను. వాడు కబురు పంపుతూనే ఎడమచేత్తో బల్ల చెక్క చూపించాడు. అక్కడ పెట్టాను.

పొద్దుటి కబురు ఎనిమిదింటికి. వెళ్లిన పడవలు ముప్పై నాలుగు. అదనపు చుక్కలు లేవు.

నా పని బ్యాటరీలు, పలకలు. కొంగలు మళ్లీ వచ్చాయి. గీకాను.

పలకలు కడిగి లోపలికి వచ్చేసరికి వాడు పని అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి ఖైనీ నలుపుతున్నాడు. బల్లకు ఆరడుగుల దూరంలో. ఆ వాసన ఇప్పటికీ నాకు పడదు. వాడితో ఆ మాట అనలేదు.

కిటికీ తెరిచాను.